పౌలు లేఖయందలి యొక సమాసము

పదార్థనిర్ణయము వైయాకరణులకుఁ బ్రొద్దుపోకకై యేర్పడిన వినోదమని తలంచువారు కలరు. కాని యొక్కొక్కయెడ నొక సమాసమునకుఁ జెప్పిన విగ్రహవాక్యమునుబట్టి మనుష్యులు దేవాలయ ప్రవేశమునకు అర్హులో అనర్హులో తేలుచుందురు. క్రైస్తవమతమున స్వలింగానురక్తులగు విశ్వాసుల చరిత్రము అట్టి యొక సమాసముతో ముడివడి యున్నది. గ్రీకుభాషయందలి ‘ఆర్సెనొకొయితై’ యను బహువచనరూపమే యది.

క్రీస్తుశకము 54, 55 ప్రాంతమునఁ బౌలు ఎఫెసునుండి కొరింథు నగరమందలి సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో, ఆఱవ యధ్యాయము 9, 10 వాక్యములందు, దేవుని రాజ్యమునకు వారసులు కానేరనివారు పదితెగలవారు పేర్కొనఁబడిరి. జారులు, విగ్రహారాధకులు, దొంగలు, లోభులు, త్రాగుబోతులు మున్నగువారి నడుమ ‘మలకొయి’, ‘ఆర్సెనొకొయితై’ యను రెండు పదములు ప్రక్కప్రక్కనే యున్నవి. తిమోతికి వ్రాయఁబడిన మొదటి పత్రికయందు (1-10) రెండవపదము మరల వచ్చును. దొంగ దొంగతనము మానినచో దొంగ కాకుండును. త్రాగుబోతు త్రాగుడు మానినచో శుద్ధుఁడగును. ఈ రెండు పదములలో నేదేని మనుష్యుని స్వభావమునకే పేరైనచో, వాఁడు దేనిని మానవలెను? స్వలింగానురక్తుఁడైన విశ్వాసి వేదన యంతయు నీ ప్రశ్నయందే కలదు.

‘ఆర్సెన్’ అనఁగాఁ బురుషుఁడు. ‘కొయితే’ యనఁగా శయ్య. శయ్యావాచకము లక్షణచేత సంయోగమును బోధించుట సంస్కృతజ్ఞులకుఁ గ్రొత్త గాదు. ధర్మశాస్త్రములందలి ‘గురుతల్పగ’ శబ్దమున తల్పము శయ్యయే. గురుపత్నీగమన మచ్చట విశేషార్థము. గ్రీకు సమాసమునకుఁ బౌలునకుఁ బూర్వపు ప్రయోగ మొకటియు నిప్పటికి దొరకలేదు. అయినను దాని పుట్టుకను సూచించు స్థలము లేకపోలేదు. క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ, రెండవ శతాబ్దులందు అలెగ్జాండ్రియా ప్రాంతపు యూదులు తమ ధర్మగ్రంథమును హెబ్రీనుండి గ్రీకునకుఁ బరివర్తించిరి. దానికి ‘సెప్టువజింట్’ అని పేరు. అందలి లేవీయకాండమున 18-22, 20-13 వాక్యములందుఁ బురుషుఁడు స్త్రీతో శయనించునట్లు పురుషునితో శయనింపరాదను నిషేధమున నీ రెండు పదములును గలవు. 20-13 వాక్యమునం దవి యొకదాని ప్రక్క నొకటి యున్నవి. పౌలు ఆ గ్రీకుపాఠము నెఱిఁగినవాఁడు.

ఈ సమాసమునుగూర్చిన వాదము 1980లో జాన్ బాస్వెల్ ప్రకటించిన గ్రంథముతోఁ దీవ్రమయ్యెను. బాస్వెల్ యేల్ విశ్వవిద్యాలయమునఁ జరిత్రాచార్యుఁడు, కాథొలిక్కు విశ్వాసి, స్వయముగా స్వలింగానురక్తుఁడు. పూర్వపదమైన ‘ఆర్సెన్’ ఇచ్చటఁ గర్మ కాదనియు, కర్తృవిశేషణమనియు, కావున ‘శయనించు పురుషులు’, అనఁగా మూల్యము గొని సంయోగమునకు సిద్ధపడు పురుషులని యర్థమనియు నాతని మతము. మన పరిభాషలోఁ జెప్పినచో, ఇతరులు షష్ఠీతత్పురుషమువంటిదిగాఁ జూచినదాని నాతఁడు కర్మధారయమువంటిదిగాఁ జూచెను. 1984లో డేవిడ్ రైట్ దీనికి బదులు వ్రాసెను. ‘మాతృగామి’ యను నర్థముగల ‘మేట్రొకొయితేస్’, దాసీగమనమును దెలుపు ‘దూలొకొయితేస్’ మున్నగు సజాతీయ సమాసములం దెల్లఁ బూర్వపద మెవ్వరితో సంయోగమో చెప్పుచున్నదనియు, లేవీయకాండపు గ్రీకుపాఠమే యీ పదమునకు మూలమనియు నాతఁడు చూపెను. విగ్రహవిషయమున రైటు వాదమే బలవత్తరము. సజాతీయ ప్రయోగములు గుంపుగా నొకవైపు నిలిచినపుడు, ఒంటరి పదమును వేఱుగా విడఁదీయుటకు విశేషహేతువు కావలెను. అట్టిది బాస్వెల్ చూపలేదు.

అంతమాత్రమున వివాదము ముగియలేదు. 1996లో డేల్ మార్టిన్ అను మఱియొక పండితుఁడు అవయవార్థమును బట్టి పదార్థమును నిర్ణయించుటయే దోషమని చెప్పెను. ఇది యోగరూఢి విచారమే. ‘కుశల’ శబ్దమునకుఁ గుశలు కోయువాఁడని యోగార్థము. నేర్పరి యని రూఢి. ‘మండప’ మనఁగా గంజి త్రావునది యని యవయవములు చెప్పినను ఎవ్వరును మండపమునకు గంజి పోయరు. అట్లే ‘ఆర్సెనొకొయితేస్’ శబ్దము తరువాతి గ్రీకుగ్రంథములందు వచ్చినచోట్లఁ బరిశీలించినచో, కొన్నింట నది జారత్వపు వరుసలోఁ గాక అన్యాయార్జన, పరపీడనముల వరుసలోఁ గూర్పఁబడినదనియు, కావున బలవంతముగనో ధనాశచేతనో జరుగు సంయోగవిశేషము దాని రూఢ్యర్థము కావచ్చుననియు మార్టిన్ వాదించెను. రూఢి యోగమును హరించుననుట మనకును సమ్మతమే. అయినను రూఢి స్థిరపడుటకుఁ గాలము పట్టును. మొదటి ప్రయోగమున, క్రొత్తగాఁ గూర్చిన సమాసమున, యోగార్థమే శ్రోతకు స్ఫురించును. కావున మార్టిను హెచ్చరిక తరువాతి గ్రంథములపట్ల మిక్కిలి విలువ గలది. పౌలుపట్ల దాని బలము తక్కువ. రూఢి యెంత దూరము పోఁగలదో చూపుటకు మఱియొక నిదర్శనము కలదు: ఆఱవ శతాబ్దపు కాన్‌స్టాంటినోపులు పాత్రియార్కు ఉపవాసియగు యోహాను పేరఁ జెల్లుచున్న ప్రాయశ్చిత్తగ్రంథమున, పెక్కురు తమ భార్యలయెడను ఈ పాపము చేయుదురని చెప్పఁబడినది. అచ్చటఁ బురుషశబ్దార్థము పూర్తిగా నశించినది.

మొదటిపదమగు ‘మలకొయి’కి ‘మెత్తనివారు’ అని వాచ్యార్థము. మత్తయి సువార్త 11-8లో మెత్తని వస్త్రములకు నిదే విశేషణము. ధైర్యహీనుఁడు, భోగలాలసుఁడు, స్త్రీప్రాయుఁడు ననునవి దాని వ్యంగ్యార్థములు. ప్రాచీన లాటినుపాఠము దీనిని ‘మొల్లెస్’ అనియు, రెండవదానిని ‘పురుషులతో శయనించువారు’ అను నర్థము వచ్చు రెండు పదములతోను బరివర్తించెను. పండ్రెండవ శతాబ్దమున లిల్ నగరపు ఆలన్, ప్రకృతిదేవి విలాపమును వర్ణించిన లాటిను కావ్యమున నీ పాపులను వ్యాకరణపరిభాషతోనే నిందించెను. వారు కర్తృకర్మణిప్రయోగములను దాఱుమాఱు చేయుదురనియు, లింగవ్యవస్థను జెఱచుదురనియు నాతని యాక్షేపము. వ్యాకరణము ధర్మాసనమెక్కిన విచిత్రోదాహరణ మిది. పదునాఱవ శతాబ్దమున లూథరు జర్మనులో రెండవపదమునకు ‘బాలదూషకులు’ అని వ్రాసెను. 1611 నాఁటి యాంగ్లపాఠము పురుషులతోఁ దమ్ము దుర్వినియోగపఱచుకొనువారను నర్థమును గ్రహించెను. వీరి భేదములెన్ని యున్నను అందఱును ఒక క్రియనే చెప్పిరి.

పందొమ్మిదవ శతాబ్దమున మాఱు వచ్చినది. 1869లో కెర్ట్‌బెని యను రచయిత జర్మనుభాషయందు, గ్రీకుపదము నొకదానిని లాటినుపదముతో సంకరముచేసి, ‘హోమోసెక్సువల్’ శబ్దమును బ్రచారమునకుఁ దెచ్చెను. క్రమముగా నది చేసిన పనిని విడిచి, పుట్టుకతోడి మనోవృత్తిని దెలుపునదయ్యెను. 1946లో అమెరికాయందు వెలువడిన సవరించిన ప్రామాణిక యాంగ్లపాఠపు క్రొత్తనిబంధనము, కొరింథీయుల పత్రికయందలి రెండు గ్రీకుపదములను గలిపి ఈ యొక్క పదముతోఁ బరివర్తించెను. దీనివలన మూఁడు మార్పులు గలిగినవి. క్రియ స్వభావమయ్యెను. ‘ఆర్సెన్’ శబ్దమునకు దూరమైన స్త్రీలును ఆ పట్టికలోఁ జేరిరి. బ్రహ్మచర్యమున జీవించి యెవ్వరిని దాఁకనివాఁడును, తన మనస్సు స్వలింగమువైపు పోయినంతనే, రాజ్యబహిష్కృతుఁడని చదువుకొనవలసినవాఁడయ్యెను.

ఆంగ్లికను పురోహితుఁడగు డెరిక్ షెర్విన్ బెయిలీ 1955లోఁ బ్రకటించిన గ్రంథమున, మనుష్యుని యిచ్ఛకు లోనుగాని స్వభావమునకును, వాఁడు చేయు కర్మకును గల భేదమును మతశాస్త్రము గుర్తింపవలెనని వ్రాసెను. 1959లో మతవిద్యార్థియగు నొక యువకుఁడు ఆ యాంగ్లపాఠపు సంఘాధ్యక్షుఁడు లూథర్ వైగలునకు దీర్ఘమైన లేఖ వ్రాసి యీ పరివర్తనమును బ్రశ్నించెను. వైగల్ దానికిఁ బ్రత్యుత్తరమిచ్చి పునర్విమర్శమునకుఁ జోటు గలదని యంగీకరించెను. 1971 నాఁటి రెండవ ముద్రణమున ఆ పదము తొలఁగి, లైంగికవక్రులను నర్థముగల పదబంధము వచ్చెను. 1989 నాఁటి నూతనపాఠమున రెండు గ్రీకుపదములు మరల వేఱుపఱుపఁబడెను. కాని యీ నడుమఁ గడచిన సంవత్సరములలో 1946 నాఁటి పదము ఇతరపాఠములందును, ఉపన్యాసములందును, తల్లిదండ్రుల నోళ్లయందును నాటుకొనియుండెను.

తెలుఁగు పరిశుద్ధగ్రంథమును బరిశీలించినచోఁ జిత్రమైన సంగతి యొకటి కానవచ్చును. వాడుకలోనున్న ప్రాఁతపాఠమున ‘మలకొయి’కి ‘ఆడంగితనము గలవారు’ అనియు, ‘ఆర్సెనొకొయితై’కి ‘పురుషసంయోగులు’ అనియుఁ గలదు. రెండవది సమాసమునకు సమాసముగా నిలిచి, పూర్వోత్తరపదముల క్రమమును గూడఁ గాపాడినది. అందుఁ దెలియునది క్రియయే. అవయవనిష్ఠ విషయమున 1946 నాఁటి యాంగ్లపండితులకన్న నీ పరివర్తకులే మూలమునకు సమీపముగా నిలిచిరి. మొదటిపద మట్లు గాదు. ‘ఆడంగితనము’ నడకను, కంఠస్వరమును, చేష్టలను బట్టి యాడిపోసికొనుట కుపయోగపడు మాట. నేరము చేయని బాలునకును దగులఁగలదు.

ఈ విచారమువలనఁ దేలునది పరిమితమే. పౌలు పురుషసంయోగమును నిందింపలేదని ఈ సమాసమును బట్టి చెప్పుట సాధ్యము గాదు. రోమీయుల పత్రిక మొదటి యధ్యాయము 26, 27 వాక్యములు వేఱుగ విచారింపవలసినవి. ఆ నిషేధము నేఁటి విశ్వాసుల కెట్లు వర్తించుననుట సంఘములు తేల్చుకొనవలసిన ధర్మనిర్ణయము. అది వ్యాకరణసీమను దాఁటినది. కాని సమాసము చెప్పినది కర్మను. దానిని స్వభావమునకుఁ బేరుగా మార్చినవారు పౌలు చెప్పని తీర్పును బౌలు నోటఁ బెట్టిరి. ఆ తీర్పును నమ్మి, తన పుట్టుకయే పాపమని క్రుంగిన విశ్వాసులయెడ శబ్దశాస్త్రమునకుఁ గల ఋణ మొక్కటే: పదమునకు లేని యర్థము లేదని నిర్భయముగాఁ జెప్పుట.