లిఫ్టు లేకుండా ఇంటి దగ్గరే పికప్ ఇంజను దించడం: రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమోటా, కూరగాయలు, పట్టుగూళ్లు మార్కెట్‌కు చేర్చడానికి చాలామంది రైతులు పాత పికప్, జీపు వాడుతున్నారు. కోతల సమయంలో ఇంజను పాడైతే బండిని షెడ్డుకు లాక్కెళ్లే ఖర్చు భారమని, ఇంటి దగ్గరే మెకానిక్‌తో ఇంజను దించుకుంటారు. సరైన సామాను, నలుగురు మనుషులు ఉంటే ఇది సాధ్యమే. తొందరపడితే మాత్రం ప్రాణాలకే ముప్పు.

ముందుగా తేల్చుకోవాల్సినవి
- క్లచ్చు ప్లేటు మార్చడానికి సాధారణంగా గేరు బాక్సు దించితే చాలు. హెడ్ గ్యాస్కెట్ పోతే హెడ్ విప్పితే సరిపోతుంది. క్రాంకు, బోరు పని ఉంటేనే ఇంజను మొత్తం దించాలి.
- ఈ పద్ధతి బానెట్ కింద ఇంజను, దాని వెనుక గేరు బాక్సు ఉండే బండ్లకే. టాటా ఏస్ లాంటి బండ్లలో ఇంజను సీటు కింద ఉంటుంది. వాటిని షెడ్డుకే తీసుకెళ్లండి.

కావాల్సిన సామాను
పికప్ డీజిల్ ఇంజను 200 కిలోలు దాటవచ్చు. అందుకే 1 టన్ను చైన్ పుల్లీ, బోరు మోటారు తీయడానికి వాడే ఇనుప మూడు కాళ్ల స్టాండు, బరువు మోసే గొలుసు, జాకీ, చక్రాలకు అడ్డుపెట్టే కొయ్య దిమ్మెలు సిద్ధం చేసుకోవాలి. చెట్టు కొమ్మకు, రేకుల షెడ్డు దూలానికి పుల్లీ కట్టకూడదు. నైలాన్ తాడు, కొబ్బరి తాడు వాడకూడదు.

విప్పే క్రమం
1. బండిని గట్టి, చదును నేల మీద నిలిపి, చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి.
2. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందుగా తీయాలి. ప్రతి వైరును, పైపును విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీసి, గుర్తు కట్టాలి. నట్లు, బోల్టులు వేర్వేరు డబ్బాల్లో వేయాలి.
3. కూలెంట్, ఆయిల్ క్యాన్లలోకి పట్టాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పశువులు, కుక్కలు తాగితే చనిపోతాయి. బావి దగ్గర, కాలువలో పారబోయకూడదు.
4. బానెట్, రేడియేటర్, ఫ్యాను, డీజిల్ పైపులు, సైలెన్సర్ పైపు, సెల్ఫ్ మోటారు తీయాలి. ఏసీ ఉంటే గ్యాసు పైపు సొంతంగా విప్పకండి. ఏసీ మెకానిక్‌ను పిలవండి.
5. గేరు బాక్సు కింద జాకీ పెట్టి, చాసీ మీద అడ్డంగా వేసిన ఇనుప పైపుకు గొలుసుతో కట్టాలి.
6. ఇంజను మీది లిఫ్టింగ్ కొక్కేలకు గొలుసు తగిలించి, బరువు పుల్లీ మీదకు వచ్చాకే మౌంటింగ్ బోల్టులు, గేరు బాక్సుకు కలిపే బోల్టులు తీయాలి.

పైకి లేపేటప్పుడు
స్టాండు కాళ్లు జారకుండా చిన్న గుంటలు తీసి, మూడింటినీ కింద గొలుసుతో కట్టాలి. ఇంజనును ముందుకు జరిపి, గేరు బాక్సు షాఫ్టు నుంచి పూర్తిగా బయటికి వచ్చాకే పైకి లేపాలి. ఇంజను బరువు ఆ షాఫ్టు మీద పడితే క్లచ్చు ప్లేటు వంగిపోతుంది. బంపరు దాటేంత ఎత్తుకు లేచాక గేరు బాక్సు కింది జాకీ తీసేసి, దిమ్మెలు తొలగించి, బండినే నిదానంగా వెనక్కి నెట్టాలి. వేలాడే ఇంజనును పక్కకు లాగకూడదు. బండి తొలగిన వెంటనే ఇంజనును పాత టైరు మీదకు దించాలి.

మరిచిపోకూడనివి
- వేలాడే ఇంజను కింద చెయ్యి, కాలు పెట్టకూడదు. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి దూరకూడదు.
- పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. పుల్లీ లాగే మనిషికి ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి.
- చీకటి పడితే, వాన వస్తే ఇంజనును కిందికి దించి పని ఆపాలి.
- వేరే ఇంజను వేయిస్తే రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో ఇంజను నంబరు మార్పించుకోవాలి. బీమా కంపెనీకీ తెలపాలి. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారానికి ఇబ్బంది అవుతుంది.

స్టాండు, చైన్ పుల్లీ దొరకకపోతే బండిని షెడ్డుకు లాక్కెళ్లడమే మేలు. ఆ ఖర్చు ఆసుపత్రి ఖర్చు కంటే తక్కువే.