కట్టని రేవు

2000 వేసవిలో గాజా నగరానికి దక్షిణంగా, మధ్యధరా ఒడ్డున ఓడరేవు పనులు మొదలయ్యాయి. నెదర్లాండ్స్, ఫ్రాన్స్ డబ్బు సాయం చేశాయి. ఆ రేవు లేచి ఉంటే పాలస్తీనా సరుకు ఇజ్రాయెల్‌లోని అష్దోద్ రేవు మీద ఆధారపడకుండా నేరుగా ఓడెక్కేది. సెప్టెంబరు చివర్లో రెండో ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ మీద పాలస్తీనా తిరుగుబాటు, రగిలింది. అక్టోబరులో ఇజ్రాయెల్ సైన్యం ఆ నిర్మాణ స్థలాన్ని ధ్వంసం చేసింది. దాతలు వెనక్కి తగ్గారు. పునాదుల దగ్గరే పని ఆగిపోయింది.

ఇంకా పుట్టని ఒక దేశం తన వాణిజ్యం ఎలా ఉండాలో ముందే ఆలోచించుకుంది. చదువుకున్నవాళ్లు, పని తెలిసినవాళ్లు కూర్చుని దాన్ని కాగితం మీద పెట్టారు. ఆ ఆలోచన ఒక్కో మెట్టూ ఎలా కూలిందో చెప్పాలంటే 1994 ఏప్రిల్ 29కి వెళ్లాలి.

ఆ రోజు పారిస్‌లో పాలస్తీనా తరఫున అహ్మద్ ఖురై, ఇజ్రాయెల్ తరఫున ఆర్థిక మంత్రి అవ్రాహమ్ షోహాత్ ఆర్థిక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఖురై బృందం మొదట కోరింది స్వేచ్ఛా వాణిజ్యం. రెండు వైపులా సొంత సుంకాలుంటాయి, తమ మధ్య తిరిగే సరుకుకు మాత్రం సుంకం ఉండదు. కానీ అలా చేయాలంటే మధ్యలో ఎక్కడో ఒక గీత గీయాలి, దాని మీద తనిఖీ కేంద్రాలు పెట్టాలి. సరిహద్దు సంగతి తర్వాత తేల్చుకుందామని అప్పటికే వాయిదా వేసుకున్నారు కనుక ఆ గీతకు ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. దానికి తోడు కూలి పనుల మెలిక ఉంది. గాజా నుంచీ వెస్ట్ బ్యాంక్ నుంచీ రోజూ వేల మంది ఇజ్రాయెల్‌లో ఇళ్లు కట్టడానికీ పొలం పనులకూ వెళ్లేవారు. ఆ దారి తెరిచి ఉండాలంటే సుంకాల విషయంలో రెండు ప్రాంతాలూ ఒకటిగా ఉండాలన్నారు. ఖురై ఒప్పుకున్నారు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఆ కూలి డబ్బులు ఆగితే గాజాలో ఎన్ని ఇళ్లు పస్తులుండేవో ఆయనకు తెలుసు. పైగా అది ఐదేళ్ల మధ్యంతర ఏర్పాటు. 1999 మే నాటికి ముగిసిపోవాలి.

దాని ప్రకారం పాలస్తీనాలోకి వచ్చే విదేశీ సరుకు మీద చాలామటుకు ఇజ్రాయెల్ సుంకమే ఉంటుంది. జోర్డాన్, ఈజిప్టు వంటి దేశాల నుంచి కొన్ని సరుకులు, అవీ పరిమిత మోతాదులో, వేరే సుంకంతో తెచ్చుకోవచ్చు. వ్యాట్ ఇజ్రాయెల్ రేటు కంటే రెండు శాతం పాయింట్లకు మించి తగ్గకూడదు. రేవుల్లో పన్ను వసూలు చేసేది ఇజ్రాయెల్. తన ఖర్చుల కింద 3 శాతం పట్టుకుని మిగిలింది నెలనెలా పాలస్తీనా ఖజానాకు పంపాలి. ఉమ్మడి కాపురంలో ఇద్దరూ సంపాదించి పెట్టెలో వేస్తుంటే తాళంచెవి ఒకరి మొలనే ఉన్నట్టు సాగింది వ్యవహారం. 1997లో మొదటిసారి ఆ డబ్బు ఆగింది. ఆ తర్వాత 2000 చివర్లో, 2006లో, 2011లో, 2012లో, 2015లో. రాజకీయంగా పేచీ వచ్చిన ప్రతిసారీ పాలస్తీనా టీచరు జీతం ఆలస్యమైంది.

అయినా ఆ తొలి ఏళ్లలో ఆశ ఉండేది. 1997లో యూరోపియన్ యూనియన్‌తో మధ్యంతర వాణిజ్య ఒప్పందం కుదిరింది. తర్వాత స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా కూటమి, ఆపైన కెనడా వచ్చాయి. అమెరికా కూడా పాలస్తీనా సరుకుకు సుంకం ఎత్తేసింది. 1998 నవంబరు 24న రఫా దగ్గర విమానాశ్రయం తెరుచుకుంది. మూడు వారాలు తిరక్కుండానే బిల్ క్లింటన్ దాన్ని చూడడానికి వచ్చారు. బెయిట్ లాహియా స్ట్రాబెర్రీలు, గాజా కార్నేషన్ పూలు యూరప్ మార్కెట్లలో అమ్ముడయ్యేవి. ప్రపంచం తలుపులన్నీ తెరిచింది. తన గడప దాటడమొక్కటే పాలస్తీనా వ్యాపారి చేతుల్లో లేదు.

2001 డిసెంబరులో ఆ విమానాశ్రయం రాడార్‌ను బాంబులతో కూల్చారు. మరుసటి నెల బుల్డోజర్లు రన్‌వేను తవ్వేశాయి. ఆ శిథిలాల కాలంలోనే, నా దృష్టిలో, భవిష్యత్ రాజ్యపు వాణిజ్యం గురించి అత్యంత గంభీరమైన ఆలోచన జరిగింది. 2002లో ప్రపంచ బ్యాంకు దీర్ఘకాలిక మార్గాలను పరిశీలించింది. ఫ్రాన్స్‌లోని ఎక్స్ అన్ ప్రొవాన్స్ నగరం పేరుతో ఏర్పడ్డ బృందంలో ఇజ్రాయెలీ, పాలస్తీనా ఆర్థికవేత్తలు పక్కపక్కన కూర్చుని 2004లో ఒక ఆర్థిక మార్గపటం రాశారు. ఒకవైపు చావులు లెక్కపెట్టుకుంటున్న రెండు జాతుల మనుషులు సుంకాల పట్టికల గురించి ఓపికగా వాదించుకున్నారంటే, ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

వాళ్ల ముందు మూడు దారులున్నాయి. సుంకాల ఉమ్మడిని సరిదిద్ది కొనసాగించడం ఒకటి. అందులో ఒక పెద్ద కన్నం ఉంది. ఇజ్రాయెలీ వ్యాపారి తన పేరు మీద దిగుమతి చేసుకుని ఆ సరుకును వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లస్ దుకాణానికి అమ్మితే, పాలస్తీనా కొనుగోలుదారు కట్టిన సుంకం ఇజ్రాయెల్ ఖజానాలోనే మిగిలిపోతుంది. రెండోది ఇజ్రాయెల్‌తో స్వేచ్ఛా వాణిజ్యం, మిగతా ప్రపంచంతో సొంత విధానం. ఎక్స్ బృందం దీనివైపు మొగ్గింది. అందులో ప్రతి సరుకూ ఎక్కడ పుట్టిందో తేల్చాలి, అందుకు సమర్థులైన కస్టమ్స్ ఉద్యోగులు కావాలి. మూడోది ప్రపంచ బ్యాంకు మెచ్చినది: ఏ దేశానికీ పక్షపాతం లేకుండా, ఇజ్రాయెల్‌తో సహా అందరికీ ఒకే తక్కువ సుంకం పెట్టడం. పాలస్తీనా ఎగుమతుల్లో 80 శాతానికి పైగా ఇజ్రాయెల్‌కే పోతున్నప్పుడు ఇంత తెగువ చేయడం తేలిక కాదు. నన్నడిగితే రెండో దారే మేలు. కానీ రెండో దారికీ మూడో దారికీ కూడా ముందు ఆ గీత కావాలి, దాని మీద పాలస్తీనా అధికారి నిలబడాలి. కస్టమ్స్ సిబ్బందికి ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ కంప్యూటరు వ్యవస్థ నేర్పింది. నిలబడే చోటు మాత్రం వాళ్లకు దొరకలేదు.

2005లో ఒక్కసారి దొరికేలా కనిపించింది. గాజా నుంచి ఇజ్రాయెల్ తన సెటిలర్లను, సైన్యాన్ని తీసేసింది. ప్రపంచ బ్యాంకు మాజీ అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్సన్ సొంత డబ్బు 5 లక్షల డాలర్లు వేసి, దాతలను కూడగట్టి, సెటిలర్ల గ్రీన్‌హౌస్‌లను పాలస్తీనా చేతికి ఇప్పించారు. సైన్యం వెళ్లిన రోజుల్లో వాటిలో కొన్నిటిని జనం దోచుకున్నారు. అదీ నిజమే, దాచనక్కర్లేదు. పాడైనవి బాగుచేసుకుని ఆ శీతకాలానికే పంట తీశారు. నవంబరు 15న అమెరికా విదేశాంగ మంత్రి కొండొలీజా రైస్ సమక్షంలో రాకపోకల ఒప్పందం కుదిరింది. గాజా, ఇజ్రాయెల్ మధ్య సరుకు దాటే కర్ని గేటు గుండా ఏడాది చివరికి రోజుకు 150 ఎగుమతి లారీలు, 2006 చివరికి 400 దాటాలి. గాజా, వెస్ట్ బ్యాంక్ మధ్య బస్సులు, లారీలు నడవాలి.

కర్ని గేటులో గోడకు ఇవతల ఒక లారీ సరుకు దించుతుంది, తనిఖీ అయ్యాక అవతల ఇంకో లారీ ఎక్కించుకుంటుంది. 2005 జనవరిలో అక్కడ జరిగిన దాడిలో ఆరుగురు ఇజ్రాయెలీ పౌరులు చనిపోయారు. ఇజ్రాయెల్ భయానికి కారణం లేకపోలేదు. కానీ భయం పేరుతో గేటు మూస్తే ముందుగా చచ్చేది పంట. 2006 జనవరి మధ్యలో, సరిగ్గా కోత సమయంలో, కర్ని మూతపడింది. టమాటాలు, స్ట్రాబెర్రీలు గేటు బయట కుళ్లిపోయాయి. ఆ ఏడాది సగటున రోజుకు దాటినవి డజను లారీలు. గాజా, వెస్ట్ బ్యాంక్ మధ్య బస్సు మొదలే కాలేదు. ఏప్రిల్ నెలాఖరుకు వుల్ఫెన్సన్ తప్పుకున్నారు. ఆ వసంతంలోనే గ్రీన్‌హౌస్‌ల పని వదిలేశారు.

ఆ తర్వాతది త్వరగా చెప్పేయవచ్చు. 2007లో పాలస్తీనా పక్షాలైన హమాస్, ఫతా తమలో తాము పోరాడుకుని ప్రజలను రెండు ప్రభుత్వాల కింద చీల్చాయి. గాజా చుట్టూ దిగ్బంధం బిగిసింది. ఒక దేశపు వాణిజ్య విధానం రాయడానికి ఒక ప్రభుత్వం కావాలి, ఆ మాత్రం కూడా మిగల్లేదు. వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాలో ప్రధాని సలామ్ ఫయ్యాద్ 2009 నుంచి సంస్థలను కట్టుకుంటూ పోయారు. 2011లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఐక్యరాజ్యసమితి మూడూ ఆ సంస్థలు రాజ్యపాలనకు తగినవేనని చెప్పాయి. పరీక్ష పాసైన ఆ ఏడాదే పన్నుల డబ్బు మళ్లీ ఆగింది.

1994లో దేనికోసం అన్నీ వదులుకున్నారో ఆ కూలి పని కూడా ఇజ్రాయెల్ మీద 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడి తర్వాత పోయింది. ఆ హత్యలకు లక్షన్నరకు పైగా పాలస్తీనా శ్రామికులు పనిముట్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. వాళ్ల స్థానంలో మేస్త్రీలు, కమ్మీ పనివాళ్ల కోసం ఇజ్రాయెల్ భారతదేశం వైపు చూసింది. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. అప్పుల బాధతో వెళ్లిన తెలంగాణ మేస్త్రీ మీద నాకు కోపం లేదు. అతని చేతికి అందిన తాపీ ఎవరి చేతి నుంచి జారిందో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ దాడి తర్వాత గాజాలో సాగిన యుద్ధంలో అక్కడి పొలాలు, ఫ్యాక్టరీలు నేలమట్టమయ్యాయి. 2024లో గాజా ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలోనే 83 శాతం కుంగిపోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క.

2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ పాలస్తీనాను రాజ్యంగా గుర్తించాయి. ఐదేళ్ల కోసం రాసుకున్న ఆ ఒప్పందం అప్పటికి ముప్పై ఏళ్లు దాటి ఇంకా అమల్లోనే ఉంది. వసూలైన పన్నులు ఇజ్రాయెల్ దగ్గర ఆగిపోవడంతో రమల్లా ప్రభుత్వం టీచర్లకు, నర్సులకు జీతంలో కొంత భాగమే ఇవ్వగలుగుతోంది.