ఎదురుకాల్పులు: ఒక వార్తాపదం చరిత్ర

తెలుగు పత్రికల్లోకి ‘ఎదురుకాల్పులు’ అనే మాట పోలీసు ప్రకటనల నుంచే వచ్చింది. ‘ఎదురు’ అనడంలోనే అవతలివారూ కాల్చారన్న తీర్పు ఉంది. విచారణ మొదలు కాకముందే శీర్షిక ఆ తీర్పు చెప్పేస్తుంది.

1975 జులైలో, ఎమర్జెన్సీ విధించిన నెలకే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు పోలీసు తూటాలకు చనిపోయారు. పత్రికలపై సెన్సార్ ఉన్న రోజులవి. పోలీసుల కథనమే వార్త. 1977లో పౌరహక్కుల తరఫున తార్కుండే కమిటీ స్వయంగా ఆరా తీశాక, పట్టుకుని కాల్చారన్న వాదన జనానికి గట్టిగా వినిపించింది.

సెన్సార్ పోయినా అలవాటు పోలేదు. 2019 డిసెంబరు 6న తెలంగాణలోని చటాన్‌పల్లిలో, ఒక వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ‘దిశ’ కేసు నిందితులు నలుగురు హతమైనప్పుడు, పోలీసులపై జనం పూలు చల్లిన దృశ్యాలు టీవీల్లో పదేపదే కనిపించాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది: చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. అవి నిజంగా ఎదురుకాల్పులేనా అన్న ప్రశ్నను పూలు చల్లిన రోజునే అడగాల్సింది వార్తాసంస్థలే.

మరుసటి నెల, జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో సైనిక నియామక పథకం ‘అగ్నిపథ్’కు వ్యతిరేకంగా సాగిన ఆందోళనపై పోలీసు కాల్పులు జరిగి ఒక యువకుడు మరణించాడు. ఇక్కడ ‘ఎదురు’ అనే మాటకు చోటు లేదు. ఆ ఆందోళనలో కాలుతున్న రైలు బోగీల దృశ్యాలు మాత్రం దేశమంతా తిరిగాయి.