బెండు ముక్క నుంచి భీమవరం దాకా

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ప్రాణం పోయిన గదుల గోడలే. వాటికే ‘సెల్’ అని పేరు పెట్టాడు. మొక్కలన్నీ కణాలేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ తేల్చారు. కణం కణం నుంచే పుడుతుందని 1855లో విర్కో చాటాడు. అందుకు రుజువులు ముందే చూపిన రెమాక్ పేరు మరుగున పడడం అన్యాయం.

కణ సిద్ధాంతం అక్కడితో ముగిసిందంటే ఒప్పుకోలేం. జీవానికి మూలం కణమే అయితే, అది ఏ శక్తితో బతుకుతుందో చెప్పాలి కదా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకున్నాడు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడన్నది నిజమే. దానివల్ల మనవాడి కృషి తగ్గదు. ఇది రసాయనశాస్త్రమే గాని కణ సిద్ధాంతం కాదనేవారూ ఉన్నారు. కానీ ఏటీపీ లేకుండా ఏ కణమూ బతకదు, విభజన చెందదు. ఆ విభజనను అడ్డుకునే అమినాప్టెరిన్‌ను తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావు బృందమే తయారుచేసింది. దానితో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ఆ జబ్బుకు 1847లో పేరు పెట్టింది విర్కోయే.