గవాన్ చివరి రోజు, సుల్తాన్ చివరి ఏడాది

చౌబారా నుంచి కోటకు వెళ్లే దారిలో, ఒంటి మినారుతో నిలిచిన మదరసా మన బీదర్ తెలుగువాళ్లందరికీ తెలిసిందే. చుట్టాలు వస్తే ముందుగా చూపించేది అదే. 1472లో దాన్ని కట్టించిన మహమూద్ గవాన్ తల తెగింది మాత్రం ఇక్కడ కాదు. తెలుగు నేల మీద, బెజవాడ దగ్గరి కొండపల్లిలో.

గవాన్ పర్షియాలోని గిలాన్ ప్రాంతంవాడు. 1453లో వ్యాపారిగా బీదర్ వచ్చి, బహమనీ కొలువులో ప్రధానమంత్రి దాకా ఎదిగాడు. గోవా గెలిచి వచ్చినప్పుడు సుల్తాన్ మూడో మహమ్మద్ షా అతని ఇంట్లో వారం రోజులు అతిథిగా ఉన్నాడు. సుల్తాన్ వెళ్లాక గవాన్ గదిలోకి పోయి, ఖరీదైన దుస్తులు తీసేసి, నేల మీద పడి ఏడ్చాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఆ గౌరవంతో తనలో గర్వం తలెత్తిందని అతని బాధ. ఫకీరు బట్టలు వేసుకుని ఏనుగులు, గుర్రాలు, పుస్తకాలు తప్ప ఉన్నదంతా పంచిపెట్టాడట.

పగకు మూలం పరిపాలనలోనే ఉంది. రాజ్యంలోని నాలుగు తరఫ్‌లను గవాన్ ఎనిమిది చేశాడు. తెలంగాణ తరఫ్ వరంగల్, రాజమండ్రిగా రెండైంది. ఒక్కో తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే మిగిల్చాడు. అధికారం తగ్గినవాళ్లు ఊరుకుంటారా? అందులోనూ దక్కనీలకు, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు అప్పటికే పడదు. మాలిక్ హసన్ నిజాముల్ముల్క్ పక్షంవాళ్లు గవాన్ ముద్ర దాచే మనిషికి తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద, దండెత్తి రమ్మని ఒరిస్సా గజపతికి గవాన్ రాసినట్టు ఉత్తరం పుట్టించారు. గుమస్తాగా బతికినవాణ్ని కనుక ఈ మాట దగ్గర నాకు గుండె ఝల్లుమంటుంది. ఖాళీ కాగితం మీద స్టాంపు వేయొద్దని ఉద్యోగంలో చేరిన రోజే మాకు చెప్పేవారు.

1481 ఏప్రిల్ 5న సుల్తాన్ ముందు గవాన్ చెప్పింది ఒక్కటే: ముద్ర నాదే, రాత నాది కాదు. మత్తులో ఉన్న సుల్తాన్ విచారించలేదు. డెబ్బై పైబడిన మనిషిని అక్కడే నరికించాడు.

తర్వాత గవాన్ ఖజానా తెరిపిస్తే రాశులు కనబడలేదు. వచ్చినదంతా సేనకూ పేదలకూ పోయేదని లెక్క చూసేవాడు చెప్పాడు. ఉత్తరం దొంగదని తేలింది. గవాన్ చేరదీసి పెంచిన యూసఫ్ ఆదిల్ ఖాన్ లాంటి సర్దార్లు సుల్తాన్ దగ్గరకు రావడం మానుకున్నారు. సుల్తాన్ తాగుడులో మునిగాడు. 1482 మార్చిలో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. గవాన్ తనను చంపుతున్నాడని చివరి ఘడియల్లో కేకలు పెట్టాడంటాడు ఫెరిష్తా. పన్నెండేళ్ల కొడుకు గద్దెనెక్కాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే రాజ్యం ముక్కలవడం మొదలై, చివరకు అయిదైంది.

సుల్తాన్ల సమాధులు చూడటానికి జనం అష్టూరు వెళ్తారు. గవాన్ సమాధి ఊరికి దక్షిణాన గోర్నళ్లి దగ్గర ఉంది. ఆడంబరమేమీ లేదు. మన పిల్లల్లో చాలామంది ఇంకా చూడలేదు.