తోమితే పోయేది మురికేనా?

"పళ్ళు అరిగిపోయాయి" అని మా ఇంటి పెద్దలు అనగా విన్నాను. ముసలితనమే కారణమనుకునేవారు. ఇటుకపొడినీ, బొగ్గునీ ఎవరూ అనుమానించలేదు. నిజానికి ఆ అనుమానానికి పెద్ద చరిత్రే ఉంది.

రాపిడితో పళ్ళను తెల్లబరచడం పాత విద్యే. అగ్నిపర్వతాల్లో పుట్టే ప్యూమిస్ రాతిని నూరి పళ్ళపొడి చేసేవారని క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. 1812లో వచ్చిన మోస్ కాఠిన్య కొలమానంలో చూస్తే పంటిమీది పింగాణీ పొర సుమారు 5, దాని కిందనుండే డెంటిన్ సుమారు 3, ప్యూమిస్ సుమారు 6. ఇటుకలో ఉండే ఇసుకరేణువు, అంటే క్వార్ట్జ్, 7. ఎంత వస్త్రగాళితం పట్టినా ఇసుక ఇసుకే. సుద్ద మాత్రం 3. కనుక పింగాణీని గీయలేదు.

చిగురు పక్కన పంటికి పడే గాడికి బ్రష్షూ, పళ్ళపొడీ కారణం కాగలవని బెర్లిన్‌లో చాలాకాలం పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు మిల్లర్ 1907లో ప్రయోగాలతో చూపాడు. చిగురు జారినచోట డెంటిన్ బయటపడుతుంది. అరుగుదల ముందు అక్కడే.

అరుగుదలను కొలిచిన తీరు నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచింది. డెంటిన్‌కు రేడియోధార్మికత కలిగించి, పేస్టు కలిపిన ద్రవంలో బ్రష్షుతో రుద్ది, ఆ ద్రవంలోకి చేరిన రేడియోధార్మికతను లెక్కించే పద్ధతి 1958లో వెలువడింది. 1976లో హెఫెరెన్ దానిని ప్రామాణికంగా తీర్చాడు. కాల్షియం పైరోఫాస్ఫేటుకు 100 అంకె ఇచ్చి మిగతావాటిని దానితో పోలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 250 దాటకూడదు.

ఆ పైరోఫాస్ఫేటు పేస్టుల్లోకి వచ్చింది మరో అవసరం కోసం. సుద్దలోని కాల్షియం ఫ్లోరైడును పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. అందుకే 1955లో అమెరికాలో వచ్చిన క్రెస్ట్ పేస్టు సుద్దను వదిలి దానిని వాడింది. తర్వాత మరెన్నో పేస్టులు సిలికావైపు మళ్ళాయి.

రాపిడి బొత్తిగా లేకుంటే మరకలు పోవు. కనుక కొంత కావలసిందే. మామూలు పేస్టుతో మెల్లగా తోమితే పింగాణీకి ముప్పు స్వల్పం. పుల్లనివి తిన్నవెంటనే గట్టిగా రుద్దితేనే ప్రమాదం, అప్పటికి ఆ పొర మెత్తబడి ఉంటుంది గనుక.

ఇప్పుడు బొగ్గే గొట్టాల్లో ఎక్కువ ధరకు తిరిగివచ్చింది. దాని భద్రతకూ ప్రయోజనానికీ తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన సమీక్ష తేల్చింది. పింగాణీని పుట్టించే కణాలు పన్ను మొలిచాక ఉండవు. పోయిన పొర మళ్ళీ పెరగదు. అది పలచబడేకొద్దీ లోపలి డెంటిన్ పసుపు పైకి కనిపిస్తుంది. తెలుపుకోసం మితిమీరి తోమినవాడికి చివరికి మిగిలేది ఆ పసుపే.