ఏ సిమ్ మంచిది? (ఊరూ వాడా ఫోనూ – 4వ భాగం)



గత మూడు భాగాల్లో ఉత్తరం, తంతి, ఎస్టీడీ బూత్ మన వాడల దాకా ఎలా వచ్చాయో, ఎక్కడ ఆగిపోయాయో మాట్లాడుకున్నాం. ఈ భాగం మొబైల్ ఫోన్ గురించి. హాస్టల్ విద్యార్థులు చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, బీఎస్ఎన్ఎల్ మంచిదా, జియో మంచిదా? ఏది తీసుకోమంటావ్?"

రీచార్జి రేట్లు చూసి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఈ రెండింటిలో ఒకటి ప్రభుత్వానిది, ఒకటి ప్రైవేటుది. ఆ తేడా మన వాడలో ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ కనిపించదో తెలియకుండా సిమ్ ఎంచుకుంటే, ప్రకటన చూసి సబ్బు కొన్నట్టే. అందుకే ముందు కొంచెం చరిత్ర, తరువాత లెక్క.

1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ అది. అప్పట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే కట్టాలి. ఆ రోజుల్లో మా అమ్మ పొద్దంతా నాట్లు వేస్తే వచ్చే కూలి రెండు నిమిషాల మాటకు చాలేది కాదు.

దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి, ఒక్కో సర్కిల్‌లో మొదట ఇద్దరేసి ప్రైవేటు ఆపరేటర్లకు లైసెన్సు ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఇద్దరు జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. 1999లో జేటీ మొబైల్స్‌ను భారతీ కొనుక్కుంది, అదే ఇప్పటి ఎయిర్‌టెల్. టాటా సెల్యులార్ బిర్లా–ఏటీ అండ్ టీతో కలిసి ఐడియా అయింది. అంటే రెండు నెట్‌వర్క్‌ల మధ్య ఎంచుకోవడం మన రాష్ట్రంలో మొబైల్‌తోనే మొదలైంది. కాకపోతే ఆ ఎంపిక హైదరాబాద్, విజయవాడ, విశాఖ వ్యాపారులది. వాడలో ఎవరికీ ఆ ప్రశ్నే లేదు.

1994 జాతీయ టెలికాం విధానం 1997 కల్లా దేశంలోని అన్ని ఊళ్లకూ టెలిఫోన్ అందిస్తామని చెప్పింది. లైసెన్సు తీసుకున్న ప్రైవేటు ల్యాండ్‌లైన్ కంపెనీలు కూడా పల్లెల్లో పబ్లిక్ ఫోన్లు పెట్టాలన్నది షరతు. ఆ షరతును అవి చాలావరకు నెరవేర్చలేదు. పల్లె ఫోన్ల భారం ఎక్కువగా ప్రభుత్వ టెలికాం శాఖే మోసింది. 2000 అక్టోబర్ 1న ఆ శాఖ నుంచి పుట్టిన సంస్థే బీఎస్ఎన్ఎల్.

బీఎస్ఎన్ఎల్ మొబైల్ సర్వీసు 2002 అక్టోబర్‌లో మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో రిలయన్స్ ఇన్ఫోకామ్ వచ్చింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ కాల్స్‌కు డబ్బు కట్టే పద్ధతి పోయింది. పేదవాడి చేతికి ఫోన్ నిజంగా వచ్చింది ఆ రోజే. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, అవతలివాళ్లు చేస్తారు. 2006 మార్చి 1న ప్రభుత్వ నెట్‌వర్క్ వన్ ఇండియా ప్లాన్ పెట్టింది. దేశంలో ఏ మూలకు చేసినా నిమిషానికి ఒక్క రూపాయి. ముంబైలో, పుణేలో మట్టి మోస్తున్న పాలమూరు లేబర్‌కు ఆ రూపాయి అంటే ఏమిటో వాళ్లనే అడగండి. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక్క పైసా అంటూ వచ్చాక మిగతా కంపెనీలు కూడా ఆ దారిలోకి రాక తప్పలేదు.

పోటీ వల్ల మనకు మేలు జరిగింది. ప్రైవేటు కంపెనీల పేరెత్తగానే తిట్టడం నా పద్ధతి కాదు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ డేటా రెండు వందల రూపాయల పైమాటే. జియో 2017 మార్చి 31 దాకా ఉచితంగా ఇచ్చింది. బాబాసాహెబ్ రచనలు, పోటీ పరీక్షల క్లాసులు, మన పాటలు, మన సభలు హాస్టల్ పిల్లల చేతిలోకి వచ్చింది ఆ తరువాతే. దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

అయితే ఆ ఉచితం తరువాతి లెక్క కూడా చూడాలి. రోజుకు 1.5 జీబీ, 28 రోజుల జియో ప్లాన్ 2018లో 149 రూపాయలు. 2019 డిసెంబర్‌లో 199 అయింది. 2021 డిసెంబర్‌లో 239. 2024 జూలైలో 299. ఆరేళ్లలో రెట్టింపు. ఈలోగా ఎయిర్‌సెల్ దివాలా తీసింది, ఆర్‌కామ్ మొబైల్ సేవలు మూతపడ్డాయి, టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసింది, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. కొట్లు తగ్గాక సంతలో బేరం ఎవరి చేతిలో ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మరి ప్రభుత్వ నెట్‌వర్క్ ఏం చేసింది? దేశమంతా 4జీలో ఉంటే బీఎస్ఎన్ఎల్ 2జీ, 3జీ దగ్గరే ఉండిపోయింది. 4జీ స్పెక్ట్రమ్ ఇస్తామన్న నిర్ణయమే 2019 అక్టోబర్‌లో వచ్చింది. 2020 మార్చిలో పిలిచిన 4జీ టెండర్‌ను అదే ఏడాది జూలైలో రద్దు చేశారు. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ కింద బయటకు వెళ్లారు. సంస్థలో దాదాపు సగం మంది. వాటిలో రిజర్వేషన్ మీద వచ్చిన ఉద్యోగాలు ఎన్నో ఆలోచించండి. లైన్‌మన్ ఉద్యోగంతో పిల్లల్ని ఇంజినీర్లను చేసిన కుటుంబాలు మన వాడల్లో ఉన్నాయి. ప్రైవేటు టెలికాం కంపెనీలో రిజర్వేషన్ లేదు. నెట్‌వర్క్‌లను పోల్చేటప్పుడు ఈ గడి ఏ పోలిక పట్టికలోనూ ఉండదు. మన పట్టికలో ఉండాలి.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచినప్పుడు ఆ ఒక్క నెలలోనే సుమారు 29 లక్షల కనెక్షన్లు బీఎస్ఎన్ఎల్‌లో పెరిగాయని ట్రాయ్ లెక్కలు చెప్పాయి. నవంబర్ వచ్చేసరికి మళ్లీ తగ్గుదల మొదలైంది. కోపంతో మారినవాళ్లను నిలబెట్టుకోవాలంటే సిగ్నల్ ఉండాలి. దేశీయ పరిజ్ఞానంతో తయారైన బీఎస్ఎన్ఎల్ 4జీని ప్రధాని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. ఆలస్యంగానైనా వచ్చింది. మన వాడకు వచ్చిందా అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన చరిత్రలోంచి ఒక పాఠం. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజాధనంతో కట్టిన బావులు, చెరువులు, బడులు, ఆఫీసులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. అదే 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ పెట్టిన తీర్మానంతో బాటలు, బావులు, ఆఫీసులు మనవాళ్లకూ తెరవాలన్న ఉత్తర్వు వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. కాగితం మీద అన్నీ తెరుచుకున్నాయి. కానీ మహాడ్‌లో గుక్కెడు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది. తెరిచాం అన్న మాట వేరు, తాగాం అన్న మాట వేరు.

కంపెనీల కవరేజీ మ్యాప్ కూడా ఆ తీర్మానం లాంటిదే. మ్యాప్‌లో మీ ఊరు రంగుతో నిండి ఉంటుంది. ఊరంటే ఏ ఊరు? టవర్‌కు స్థలం కావాలి, స్థలం ఇచ్చినవాడికి నెలనెలా అద్దె వస్తుంది. స్థలం ఎవరికి ఉంది? అందుకే టవర్ చాలాచోట్ల మెయిన్ రోడ్డు పక్కనో, ఊళ్లో ఆసామి జాగాలోనో లేస్తుంది. మన వాడ ఊరి చివర, పల్లంలో, చెరువు కింద ఉంటుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలు కొంత దాటుతాయి. 2300 మెగాహెర్ట్జ్ వంటి పై తరంగాలు ఎక్కువ డేటా మోస్తాయి కానీ అంత దూరం పోవు. అందువల్ల ఊరి సెంటర్లో సినిమా ఆడే ఫోన్ వాడలో ఓటీపీకి కూడా పనికిరాకపోవచ్చు.

ఓటీపీ చిన్న విషయం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ, బ్యాంకుకు ఓటీపీ, ఆధార్‌కు ఓటీపీ. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్‌కు సిగ్నల్ కావాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని జరిగే ప్రతిచోటా హాజరు యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండు ఫోటోలు. మా అమ్మ వాళ్ల గ్రూపు చెరువు పూడిక తీసేటప్పుడు మేట్ అమ్మాయి దగ్గర రెండు సిమ్‌లుండేవి. ఒకటి ఊళ్లో దూసుకుపోయేది, చెరువులో దిగగానే చచ్చిపోయేది. ఇంకొకటి ఎప్పుడూ నత్తనడకే, కానీ కట్ట ఎక్కితే పనిచేసేది. ఫోటో ఎక్కకపోతే మస్టర్‌లో హాజరు పడదు, హాజరు పడకపోతే ఆ రోజు కూలి రాదు. కూలి ఇప్పించింది ఆ నత్తనడక సిమ్మే. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. మీ చెరువు దగ్గర అది తిరగబడి ఉండొచ్చు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రకటనల్లోని వేగం పక్కన పెట్టి ఇలా పోల్చండి.

ఒకటి. రెండు సిమ్‌లూ ఉన్న ఇద్దరు స్నేహితులు ఒకేచోట నిలబడండి. ఇంట్లో తలుపు వేసుకుని, వాడ మధ్యలో, పని చోట, హాస్టల్ గదిలో. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య ఒకసారి. ఒక కాల్, ఒక మెసేజ్, ఒక పీడీఎఫ్ డౌన్‌లోడ్. కాగితం మీద రాయండి. వారం చాలు. వేగం కొలవడానికి ట్రాయ్ మైస్పీడ్ యాప్ ఉంది.

రెండు. కరెంటు పోయినప్పుడు చూడండి. టవర్ బ్యాటరీ నిలబడుతుందా, పది నిమిషాల్లో సిగ్నల్ పోతుందా? పల్లెల్లో అసలు పరీక్ష ఇదే.

మూడు. ప్లాన్ ధరను రోజులతో భాగించండి. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు. 299 చొప్పున ఏడాదికి 3,887 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడింతలు. ప్రతి కంపెనీ కనీసం ఒక ప్లాన్ అయినా పూర్తి 30 రోజులకు ఇవ్వాలని ట్రాయ్ 2022లో చెప్పింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, మెసేజ్‌ల ప్లాన్ విడిగా ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. షాపులో అవి చూపించరు, అడగండి.

నాలుగు. ఇంట్లో ఉన్న ఫోన్ ఏది? జియోకు 2జీ లేదు. నాయనమ్మ పాత బటన్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు, 4జీ బటన్ ఫోన్ కొనాలి. ఆ ఖర్చూ లెక్కలో వేయండి.

ఐదు. నంబర్ పోగొట్టుకోవద్దు. ఆధార్, బ్యాంకు, స్కాలర్‌షిప్ అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే సిమ్ రద్దు కావచ్చు. నెట్‌వర్క్ నచ్చకపోతే నంబర్ మార్చక్కర్లేదు. పోర్ట్ అని రాసి, పక్కన మీ నంబర్ వేసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. 2011 జనవరి నుంచి దేశమంతా ఉన్న హక్కు ఇది. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు పూర్తయి ఉండాలి.

ఇంత చూశాక నా జవాబు. ఒకే సిమ్ పెట్టుకోగలిగినవాళ్లు మీ వాడలో, మీ ఇంటి లోపల ఏది పలికితే అదే తీసుకోండి. అది ప్రైవేటుదైతే సిగ్గుపడాల్సింది లేదు. ఉద్యమం పేరుతో స్కాలర్‌షిప్ పోగొట్టుకోమని ఎవరికీ చెప్పను. రెండో సిమ్‌కు చోటుంటే, స్తోమత ఉంటే, అది ప్రభుత్వానిది పెట్టుకోండి.

ఎందుకంటే బీఎస్ఎన్ఎల్‌ను మనం అడగగలం. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద "మా వాడకు 4జీ ఎప్పుడు, మా మండలంలో ఎన్ని టవర్లు పనిచేస్తున్నాయి" అని అడగొచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. ప్రైవేటు కంపెనీకి నేరుగా ఆ దరఖాస్తు పెట్టలేం. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పని అప్పగించింది బీఎస్ఎన్ఎల్‌కే. పల్లెల ఫోన్ కోసం టెలికాం కంపెనీల ఆదాయం నుంచి వసూలు చేసే నిధి 2002 నుంచి ఉంది, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. మనం కట్టే ప్రతి రీచార్జిలో దాని వాటా ఉంది. మన డబ్బుతో వచ్చే టవర్ మన వాడను దాటి ఎందుకు పోవాలి?

మీరు చేసిన వారం రోజుల పరీక్ష కాగితాన్ని పారేయకండి. దాన్ని గ్రామసభలో పెట్టండి. వాడ పేరు, తేదీ, సమయం, సిగ్నల్ ఉందా లేదా. ఇరవై ఇళ్ల సంతకాలు. సిమ్ ఎంచుకోవడం కోసం మొదలుపెట్టిన లెక్క టవర్ అడిగే అర్జీ అవుతుంది.

తరువాతి భాగంలో రేషన్ షాపు వేలిముద్ర మిషన్ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.